బ్యాంకాక్ కప్పు నుంచి అహ్మదాబాద్ గెలుపు దాకా: భారత కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ప్రయాణం

భారత ఫుట్‌బాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ మూడింటి వెనకా హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. కానీ ఆయన 1963లో మనల్ని విడిచి వెళ్ళాక కూడా భారత్ ఒకసారి ఆసియా విజేతగా నిలిచింది. గెలిచింది సీనియర్లు కాదు, కుర్రాళ్ళు. అది 1974, ఊరు బ్యాంకాక్. ఆ జట్టు కెప్టెన్ మన హైదరాబాదీ షబ్బీర్ అలీ. ఈ సంగతి నేటి పిల్లల్లో ఎంతమందికి తెలుసో చెప్పడం కష్టం.

ఆ కప్పు ఎలా వచ్చింది, తర్వాత యాభై ఏళ్ళలో భారత యువ జట్లు ఎక్కడెక్కడ ఆడాయి, ఎక్కడ ఆగిపోయాయి, మళ్ళీ ఇప్పుడు ఎక్కడున్నాయి అనేది ఈ వ్యాసంలో చూద్దాం.

రెండు జట్లు, రెండు పోటీలు

ముందు ఒక చిన్న వివరణ. "యూత్ టీం" అంటే ఒకే జట్టు కాదు. ముఖ్యంగా రెండు వయసులకు ఆసియా పోటీలు జరుగుతాయి. ఒకటి పెద్ద కుర్రాళ్ళది. ఇది 1959లో మలయాలో మొదలైంది. వయసు పరిమితి కాలాన్ని బట్టి 19, 20 మధ్య మారుతూ వచ్చింది. ఇప్పుడు అండర్-20 ఆసియా కప్ అంటున్నారు. రెండోది చిన్నవాళ్ళది. ఒకప్పుడు అండర్-16, ఇప్పుడు అండర్-17.

ఈ ఆసియా పోటీల్లో బాగా ఆడినవాళ్ళకే ప్రపంచకప్ టికెట్. అయితే పెద్ద కుర్రాళ్ళ ప్రపంచకప్ 1977లో ట్యునీషియాలో మొదలైంది. చిన్నవాళ్ళది 1985లో చైనాలో. అంటే 1974లో మనోళ్ళు ఆసియా విజేతలుగా నిలిచినా అక్కడి నుంచి ఎక్కడానికి పై మెట్టు లేదు. మూడేళ్ళ తర్వాత అదే గెలుపు వచ్చి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

1974: కప్పు సగం మనది, సగం ఇరాన్‌ది

ఆ రోజుల్లో ఆసియా యువ ఫుట్‌బాల్‌లో ఇరాన్‌కు ఎదురు లేదు. 1973 నుంచి 1976 వరకు వరసగా నాలుగుసార్లు ట్రోఫీ వాళ్ళ చేతికే వెళ్ళింది, ఒంటరిగానో ఇంకొకరితో కలిసో. అలాంటి జట్టుతో 1974 ఏప్రిల్ చివర్లో బ్యాంకాక్‌లో భారత్ ఫైనల్ ఆడింది. కోచ్ అరుణ్ ఘోష్, రహీం సాబ్ దగ్గర ఆడి 1962లో బంగారు పతకం అందుకున్న జట్టులోని డిఫెండర్. అంటే రహీం సాబ్ నేర్పిన ఆట ఆయన శిష్యుడి ద్వారా తర్వాతి తరానికి చేరిందన్నమాట.

ఫైనల్ 2-2తో ముగిసింది. ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. భారత్ తరఫున గోల్స్ కొట్టింది షబ్బీర్ అలీ, లతీఫుద్దీన్. పురుషుల యువ జట్ల ఆసియా పోటీల్లో ఆ తర్వాత భారత్ టైటిల్ మళ్ళీ గెలవలేదు.

షబ్బీర్ అలీకి అప్పుడు 18 ఏళ్ళు. ఆయన ఒక్కడే అకస్మాత్తుగా పుట్టుకొచ్చిన ఆటగాడు కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన ఊరు ఇది. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ముందు వరసలో మహమ్మద్ హబీబ్, ఇద్దరూ ఇక్కడివాళ్ళే. ఒకరిని చూసి ఇంకొకరు, అన్నను చూసి తమ్ముడు మైదానానికి వెళ్ళిన కాలం అది. ఆ వరసలోనే షబ్బీర్ వచ్చారు. తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు ఆడారు, సీనియర్ జట్టుకూ నాయకత్వం వహించారు. కోచ్‌గా 1998-99లో గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలబెట్టారు. 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు ఆయనకు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న తొలి ఫుట్‌బాల్ ఆటగాడు ఆయనే.

ఆ తర్వాత ఎందుకు ఆగింది

1974 గెలుపు తర్వాత దాన్ని నిలబెట్టే ఏర్పాటు ఏదీ జరగలేదు. జపాన్, కొరియా, తర్వాత సౌదీ, ఖతార్ లాంటి దేశాలు పన్నెండేళ్ళ వయసు నుంచే పిల్లలకు లీగులు, కోచ్‌లు, అకాడమీలు పెట్టుకుంటూ వెళ్ళాయి. మన దగ్గర ఏదైనా టోర్నీ రాగానే కొన్ని వారాల క్యాంపు పెట్టడం, జట్టును పంపడం, ఓడిపోయి వస్తే మళ్ళీ రెండేళ్ళు మర్చిపోవడం. ఏడాదికి ముప్ఫై, నలభై గట్టి మ్యాచ్‌లు ఆడిన కుర్రాడితో, పది మ్యాచ్‌లు ఆడిన కుర్రాడు ఎలా పోటీపడతాడు?

2002లో యూఏఈలో జరిగిన అండర్-17 ఆసియా పోటీలో మనోళ్ళు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళారు. 2006లో పెద్ద కుర్రాళ్ళ ఆసియా పోటీకి మన దేశమే ఆతిథ్యమిచ్చింది, కానీ గ్రూపు దశ దాటలేకపోయాం. అప్పటి నుంచి ఆ వయసు ఆసియా కప్ అసలు పోటీలో భారత్ మళ్ళీ ఆడలేదు. ఇది చిన్న విషయం కాదు. 20 ఏళ్ళ వయసులో ఆసియాతో ఆడని కుర్రాళ్ళు 25 ఏళ్ళకు సీనియర్ జట్టులో ఎలా నెగ్గుతారు?

2017: ఇంటికొచ్చిన ప్రపంచకప్

ఆతిథ్య దేశం హోదాలో 2017 అక్టోబరులో భారత్ తొలిసారి ఫిఫా ప్రపంచకప్ ఆడింది, అండర్-17లో. కోచ్ పోర్చుగల్‌కు చెందిన లూయిస్ నార్టన్ డి మాటోస్, కెప్టెన్ మణిపూర్ కుర్రాడు అమర్‌జిత్ సింగ్. మన మ్యాచ్‌లన్నీ ఢిల్లీలోనే.

అమెరికాతో 0-3. కొలంబియాతో 1-2. ఘనాతో 0-4. అంకెలు చూస్తే మూడూ ఓటములే. కానీ కొలంబియా మ్యాచ్ చూసినవాళ్ళు దాన్ని మర్చిపోరు. 82వ నిమిషంలో కార్నర్ కిక్‌కు ఎగిరి తలతో జీక్సన్ సింగ్ కొట్టిన గోల్, ప్రపంచకప్ పోటీల్లో భారత్ కొట్టిన మొట్టమొదటి గోల్. స్టేడియం ఇంకా కేకలు వేస్తూనే ఉంది, మరుసటి నిమిషంలోనే కొలంబియా మళ్ళీ ముందుకెళ్ళింది. ఆనందంలో ఒక్క క్షణం ఏమరుపాటు ఎంత ఖరీదో ఆ పిల్లలకు అక్కడే తెలిసింది.

మొత్తం టోర్నీని 13 లక్షల 47 వేల మంది స్టేడియంలకు వచ్చి చూశారు. ఆ టోర్నీ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. ఆరు నగరాల్లో మ్యాచ్‌లు జరిగాయి. హైదరాబాద్ వాటిలో లేదు. 21 మంది జట్టులో ఎనిమిది మంది మణిపూర్ వాళ్ళు. హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. 1974లో కెప్టెన్‌ను ఇచ్చిన ఊరికి ఇది గట్టి ప్రశ్న.

ఆ పిల్లలు ఏమయ్యారు

ఓడిపోయారని వాళ్ళను వదిలేయకపోవడం ఈసారి జరిగిన మంచి పని. ప్రపంచకప్ అయిపోగానే ఆ జట్టులో చాలామందిని "ఇండియన్ ఆరోస్" అనే పేరుతో ఐ-లీగ్‌లో పెద్దవాళ్ళ క్లబ్బులతో ఆడించారు. ఫలితం కనిపించింది. జీక్సన్, సురేశ్ సింగ్, లాలెంగ్మావియా (అపుయా), రహీం అలీ, అన్వర్ అలీ ఆ జట్టు నుంచే సీనియర్ జాతీయ జట్టుకు ఎదిగారు.

2018 ఆగస్టులో స్పెయిన్‌లో జరిగిన కోటిఫ్ కప్‌లో భారత అండర్-20 జట్టు అర్జెంటీనా అండర్-20ను 2-1తో ఓడించింది. దీపక్ టాంగ్రి ఒక గోల్, అన్వర్ అలీ ఫ్రీ కిక్‌తో ఇంకో గోల్. రెండో సగంలో ఒకరికి రెడ్ కార్డు వచ్చి పది మందితో ఆడుతూ గెలిచారు. ఆ రోజు ఎదుటి జట్టు కోచ్ లియోనెల్ స్కలోనీ, నాలుగేళ్ళ తర్వాత మెస్సీ జట్టుతో ప్రపంచకప్ గెలిచింది ఆయనే.

అన్వర్ అలీ కథ ఇక్కడితో అయిపోలేదు. 2019లో గుండె సమస్య బయటపడి ఆట ఆపాల్సి వచ్చింది. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి ఆడే అనుమతి సాధించుకుని, 2022లో సీనియర్ జట్టుకు ఆడారు.

ఇంతలో 2022లో ఇండియన్ ఆరోస్ జట్టును మూసేశారు. పని చేస్తున్న మెట్టును మనమే తీసేసుకున్నట్టయింది.

2018 మలేషియా: ఒక్క గోల్ దూరం

అదే 2018లో చిన్నవాళ్ళ ఆసియా పోటీ మలేషియాలో జరిగింది. కోచ్ గోవాకు చెందిన బిబియానో ఫెర్నాండెస్. వియత్నాంపై 1-0, ఇరాన్‌తో 0-0, ఇండోనేషియాతో 0-0. గ్రూపులో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ దక్షిణ కొరియా చేతిలో 0-1తో ఓడారు. గెలిచి ఉంటే ప్రపంచకప్‌కు సొంత బలంతో వెళ్ళేవాళ్ళు, ఎందుకంటే అప్పుడు సెమీస్ చేరిన నలుగురికే టికెట్.

2023లో థాయిలాండ్‌లో వియత్నాంతో 1-1, ఉజ్బెకిస్తాన్‌తో 0-1. చివరి మ్యాచ్‌లో జపాన్‌తో 4-8. ఎనిమిది గోల్స్ ఇవ్వడం బాధే, కానీ జపాన్‌పై నాలుగు కొట్టడం కూడా మామూలు విషయం కాదు. ముందు వరస బాగుంది, వెనక గోడ లేదు అని ఆ స్కోరే చెప్పింది.

దక్షిణాసియాలో మాత్రం మనోళ్ళదే పైచేయి. 2022లో భువనేశ్వర్‌లో శాఫ్ అండర్-20 ఫైనల్లో బంగ్లాదేశ్‌పై అదనపు సమయంలో 5-2 గెలుపు, అందులో గుర్‌కీరత్ సింగ్‌వి నాలుగు గోల్స్. అదే ఏడాది కొలంబోలో అండర్-17 ఫైనల్లో నేపాల్‌పై 4-0. ఈ కప్పులు సంతోషమే, కానీ అసలు పరీక్ష ఆసియాలోనే.

2025 అహ్మదాబాద్: మళ్ళీ ఇరాన్

2025 నవంబరులో అండర్-17 అర్హత పోటీలు అహ్మదాబాద్‌లో జరిగాయి. పాలస్తీనాతో 1-1, చైనీస్ తైపీపై 3-1, లెబనాన్ చేతిలో 0-2. నవంబర్ 30న చివరి మ్యాచ్ ఇరాన్‌తో, గెలిస్తే తప్ప దారి లేదు. ఇరాన్ ముందు గోల్ కొట్టింది. మొదటి సగం ముగిసేలోపు దల్లాల్‌మువోన్ గాంగ్టే పెనాల్టీతో సమం చేశాడు. రెండో సగంలో గున్‌లైబా రెండో గోల్ కొట్టాడు. 2-1. కోచ్ మళ్ళీ బిబియానోనే. దీంతో సౌదీ అరేబియాలో జరిగే 2026 అండర్-17 ఆసియా కప్‌కు భారత్ అర్హత సాధించింది.

ఇక్కడ ఒక మార్పు గమనించాలి. అండర్-17 ప్రపంచకప్ ఇప్పుడు 48 జట్లతో, ఏటా ఖతార్‌లో జరుగుతుంది. అందుకే ఆసియాలో క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు, టికెట్ దొరుకుతుంది. 2018 నాటి మన జట్టుకు ఈ రూల్ ఉండి ఉంటే ప్రపంచకప్ ఆడి ఉండేది. తలుపు ముందుకంటే పెద్దగా తెరుచుకుంది.

మన ఇళ్ళకు దీనితో ఏం పని

హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు ఊరిలో పాత ఆశ మళ్ళీ లేచింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. ఐ-లీగ్‌లో రెండుసార్లు రన్నరప్ అయిన శ్రీనిధి డెక్కన్ ఉంది. కానీ ఒక్క క్లబ్బుతో ఊరి ఫుట్‌బాల్ నిలబడదు. స్కూల్ లీగ్, బస్తీ లీగ్, వారం వారం మ్యాచ్ ఉంటేనే షబ్బీర్ అలీ లాంటివాళ్ళు వస్తారు.

పిల్లవాడు నిజంగా బాగా ఆడుతుంటే తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒకటుంది. పుట్టిన తేదీ కాగితాలు మొదటి నుంచీ సరిగ్గా ఉంచండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు, పాస్‌పోర్టు నాలుగింటిలోనూ ఒకే తేదీ, ఒకే పేరు ఉండాలి. ఒక దాంట్లో "మొహమ్మద్", ఇంకో దాంట్లో "ఎండీ" అని ఉంటే సెలక్షన్ సమయంలో తిప్పలు తప్పవు. వయసు తగ్గించి రాయించడం అసలు చేయొద్దు. అది అబద్ధం, పైగా దాగదు. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎంఆర్ఐ తీసి ఎముకల వయసు చూస్తోంది. దొరికితే పోయేది పిల్లవాడి భవిష్యత్తే.

1974లో ఇరాన్‌తో సమానంగా నిలిచిన జట్టుకు కెప్టెన్‌ను ఈ ఊరు ఇచ్చింది. 2025లో ఇరాన్‌ను ఓడించిన పిల్లలకు అప్పటి సంగతి తెలియకపోవచ్చు. తెలియాల్సింది మన పిల్లలకు. తెలిస్తే ఇన్షా అల్లాహ్ వాళ్ళలో ఎవరో ఒకరు మళ్ళీ ఆ జెర్సీ వేసుకుంటారు.