ఊరి రేడియో - దాని పద్దు

దక్కను రేడియోను 1935లో నిజాము ప్రభుత్వము తన యధీనమునకు తెచ్చుకొనెను. మన కొత్తపేట పొలిమేరనున్న సరూర్‌నగరమున దాని ప్రసార యంత్రము వెలసినది. 1950 ఏప్రిలు 1న అది ఆకాశవాణిలో కలిసెను. మొదట నిజాము బొక్కసము, పిమ్మట కేంద్ర ఖజానా దానిని పోషించినవి. కావున ఆ ఖర్చెవరు భరింతురను చింత వినువారి కెన్నడును కలుగలేదు. మన తెలంగాణమున ఆ చింతను తలకెత్తుకొన్నవారు జహీరాబాదు ప్రాంతపు పేద దళిత మహిళలు.

వారు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందినవారు. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. యునెస్కో సాయముతో మాచునూరు గ్రామమున రేడియో కేంద్రము లేచెను గాని, ప్రసారమునకు అనుమతి రాలేదు. ఏండ్ల తరబడి ఆ స్త్రీలు జొన్న, కొర్రల సాగును, పల్లె పాటలను టేపుల కెక్కించి సంఘపు కూటములలో వినిపించిరి. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి నిచ్చు విధానము 2006లో వచ్చినది. 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ గాలిలో పలికెను. దానిని నడిపిన యిద్దరి పేరును నరసమ్మయే. ఒకరు జనరల్ నరసమ్మ, వేరొకరు ఆల్గోల్ నరసమ్మ.

ఇక లెక్కకు వత్తము. నా వృత్తియు నదియే గదా! యంత్రము కొనుట ఒకనాటి వ్యయము; దానికి దాతలు దొరకుదురు. విద్యుత్తు, మరమ్మతు, పనివారి కూలి ఏనాటి కానాటివి. వానికి దాత దొరకుట యరుదు. పైని తరంగ రుసుమొకటి. 2012లో దానిని ఏటికి 19,700 రూపాయలనుండి 91,000కు పెంచిరి. అనగా దినమునకు 54 రూపాయలున్నది 249 ఆయెను. రోజునకు రెండు గంటలు పలుకు కేంద్రమునకు గంటకు 125 రూపాయలు నోరు తెరచినందుకే చెల్లవలెను! దేశమందలి ఇట్టి రేడియోలన్నియు నిరసింపగా ఆ పెంపు వెనుకకు పోయినది.

ప్రకటనల రాబడి గలదు కదా యందురు. 2024లో గంటకు 12 నిమిషముల వరకు ప్రకటనల కనుమతించి, 10 సెకండ్లకు 74 రూపాయల ధర నిర్ణయించిరి. రెండు గంటలకు 10,656 రూపాయలు. కాగితముమీద ముచ్చటైన మొత్తమే. కాని అన్ని నిమిషములును నిండుట యెన్నడు? 100 వాట్ల యంత్రము పలుకు నాలుగు పల్లెల మెట్టరైతులకై సొమ్ము వెచ్చించు వర్తకుడెవడు? వచ్చిన పురుగుమందువాడు రావలెను. ఇంటి విత్తనము దాచుకొనుడని సాయంకాలము చెప్పు రేడియో, నడుమ వాని మాట నెట్లు వినిపించును?

మన గ్రంథాలయములకు 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతో రూపాయకు 8 పైసల సెస్సు వసూలగుచున్నది; అది సకాలమున చేతికందునా యనుట వేరు మాట. ఊరి రేడియోకు అట్టి పద్దు ఏ చట్టమునను తెరువబడలేదు.