కాంట్రా గేమ్‌లో లేని అడవి మనుషులు



కాంట్రా గేమ్ గురించి హాస్టల్ బ్యాచ్‌లకి పరిచయం అక్కర్లేదు. టౌన్‌లో వీడియో గేమ్ షాపుకి పోయి నాణెం వేసి ఆడినవాళ్లు కొందరు. టీవీకి తగిలించే డబ్బా, క్యాసెట్ గంట లెక్కన అద్దెకి తెచ్చుకుని ఆడినవాళ్లు ఇంకొందరు. చొక్కా లేని ఇద్దరు సైనికులు, ఒకడిది నీలం ప్యాంటు, ఇంకొకడిది ఎర్ర ప్యాంటు. ‘ఎస్’ అక్షరం ఉన్న బిళ్ల దొరికితే తుపాకీలోంచి తూటాలు విసనకర్రలా విచ్చుకునేవి. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ అని నొక్కితే 30 ప్రాణాలు వచ్చేవి. ఎక్కాలు రానివాడికి కూడా ఈ వరస నోటికొచ్చు.

ఈమధ్య అదే గేమ్‌ని ఫోన్‌లో మళ్లీ ఆడాను. మొదటి స్టేజ్ పేరు ‘జంగిల్’. ఈసారి కాల్చడం ఆపి ఆ అడవిని చూశాను. చెట్లున్నాయి, కొండ ఉంది, నీళ్లున్నాయి, అడుగు పెడితే పేలిపోయే వంతెనలున్నాయి. గుడిసె లేదు. పోడు లేదు. మేక లేదు. పిల్లాడు లేడు. కనిపించిన ప్రతి మనిషీ కాల్చాల్సినవాడే. అడవిలో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మనకి ఇది వింతగా అనిపించాలి. మనుషులు లేని అంత పెద్ద అడవి ఎక్కడుంది?

అసలు ఈ గేమ్ ఎప్పటిదో, ఆ పేరు ఎక్కడిదో చూద్దాం. జపాన్‌కి చెందిన కొనామి కంపెనీ దీన్ని నాణెం వేసి ఆడే మెషీన్‌గా 1987 ఫిబ్రవరిలో తెచ్చింది. మనం ఆడిన టీవీ క్యాసెట్ రకం 1988లో వచ్చింది. జపాన్ కథ ప్రకారం ఇది 2633వ సంవత్సరంలో న్యూజిలాండ్ దగ్గర గలుగా అనే కల్పిత దీవుల్లో జరుగుతుంది. అమెరికాలో అమ్మినప్పుడు కథ మార్చి, ఇప్పటి కాలంలోనే అమెజాన్ అడవిలో జరుగుతున్నట్టు పుస్తకంలో వేశారు. అమెజాన్‌లో వందల ఆదివాసీ తెగలున్నాయి. గేమ్‌లో ఒక్కరూ లేరు.

ఇక పేరు. ఆ రోజుల్లో ‘కాంట్రా’ అంటే ప్రపంచమంతా తెలిసిన మాట. విప్లవ వ్యతిరేకి అనే అర్థం ఉన్న స్పానిష్ మాటకి పొట్టి రూపం అది. మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశంలో 1979 జులైలో శాండినిస్టాలు అనే విప్లవకారులు సొమోజా నియంతృత్వాన్ని కూలదోశారు. వాళ్లని దించడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు, ఆయుధాలు ఇచ్చి నడిపించిన సాయుధ దళాలే కాంట్రాలు. అధ్యక్షుడు రీగన్ 1981 చివర్లో దీనికి అనుమతి ఇచ్చాడు. 1984లో అమెరికా పార్లమెంటే ఆ సాయాన్ని నిషేధించింది. అయినా ఆగలేదు. ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మి, ఆ డబ్బులో కొంత కాంట్రాలకి మళ్లించారు. 1986 నవంబరులో ఆ గుట్టు బయటపడింది. మూడు నెలలకే మన గేమ్ వచ్చింది. ఇంకో సంగతి: గేమ్ మొత్తం గెలిచాక చివర్లో వచ్చే సంగీతం పేరు ‘శాండినిస్టా’. నిజమైన యుద్ధంలో కొట్టుకుంటున్న రెండు పక్షాల పేర్లూ ఇందులో ఉన్నాయన్నమాట.

మరి ఆ యుద్ధం జరిగిన అడవిలో ఎవరున్నారు? మిస్కితోలు, మయాంగ్నాలు, రామాలు. నికరాగ్వా తూర్పు తీరంలో, ఉత్తరాన హోండురాస్ సరిహద్దుగా పారే కోకో నది ఒడ్డున వీళ్ల ఊళ్లున్నాయి. ఆ నదిని మిస్కితోలు వాంకీ అంటారు. నదికి రెండు పక్కలా వాళ్ల చుట్టాలే. సరిహద్దు గీత తర్వాత వచ్చింది. వీళ్ల ప్రాంతాన్ని నికరాగ్వా 1894లో కలిపేసుకుంది.

విప్లవం గెలిచిన 1979లోనే వీళ్లు మిసురసత అనే సంఘం పెట్టుకున్నారు. మిస్కితో, సుమో, రామా, శాండినిస్టా అనే పేర్ల మొదటి అక్షరాలు కలిపి, అందరం కలిసి పనిచేద్దామని పెట్టుకున్న పేరు అది. మయాంగ్నాలనే అప్పట్లో సుమో అనేవారు. ప్రభుత్వం స్పానిష్‌లో అక్షరాస్యత ఉద్యమం మొదలుపెడితే, మా భాషల్లో కూడా నేర్పాలని అడిగి సాధించుకున్నారు. తర్వాత భూమి అడిగారు. అక్కడ చెడింది. 1981 ఫిబ్రవరిలో సంఘం నాయకుల్ని అరెస్టు చేశారు. బయటికొచ్చాక స్టెడ్‌మన్ ఫాగొత్ అనే నాయకుడు హోండురాస్ పోయి కాంట్రాలతో కలిశాడు. బ్రూక్లిన్ రివెరా అనే ఇంకో నాయకుడు వేరే దారిలో పోరాడి, తర్వాత ప్రభుత్వంతో చర్చలకి కూర్చున్నాడు.

మధ్యలో నలిగింది ఊళ్లు. కాంట్రాలు నది దాటి వచ్చి దాడులు చేస్తున్నారని, 1982 మొదట్లో సైన్యం కోకో నది ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించింది. సుమారు 8,500 మందిని లోపలికి తరలించి, తస్బా ప్రి అనే కొత్త కాలనీల్లో పెట్టింది. వెనక ఇళ్లు, పంటలు తగలబెట్టారు, పశువుల్ని చంపేశారు. దాదాపు 10,000 మంది నది దాటి హోండురాస్ పారిపోయారు. తస్బా ప్రి అంటే మిస్కితో భాషలో స్వేచ్ఛా భూమి. పేరు వాళ్ల భాషలోదే, పోవాలన్న నిర్ణయం మాత్రం వాళ్లది కాదు.

ఇది చదువుతుంటే మనకి గుత్తికోయలు గుర్తుకొస్తారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలయ్యాక ఒకపక్క వాళ్లు, ఇంకోపక్క మావోయిస్టులు, ఊళ్లు తగలబడి, వేలమంది ఇటు ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చారు. చుట్టరికాలు, భాష సరిహద్దుకి రెండు వైపులా ఉన్నాయి. కాగితాలు మాత్రం ఒకవైపే.

మిస్కితోల కథ అక్కడితో ఆగలేదు. 1985లో వాళ్లు తమ నది ఒడ్డుకి తిరిగి రావడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 1987 సెప్టెంబరులో, అంటే మన గేమ్ వచ్చిన ఏడాదే, తూర్పు తీరానికి స్వయంపాలన చట్టం వచ్చింది. ఊరి ఉమ్మడి భూమిని అమ్మడానికి వీల్లేదని అందులో రాశారు. చట్టం వచ్చినా 1996లో ఆవాస్ తింగ్నీ అనే మయాంగ్నా ఊరి అడవిలో సుమారు 62,000 హెక్టార్లలో కలప కొట్టుకోమని ప్రభుత్వం ఒక విదేశీ కంపెనీకి అనుమతి ఇచ్చింది. ఊరివాళ్లు అంతర్జాతీయ కోర్టు దాకా పోయారు. 2001 ఆగస్టు 31న అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు వాళ్ల వైపు తీర్పు ఇచ్చింది. పట్టా చేతికి రావడానికి మాత్రం 2008 డిసెంబరు దాకా పట్టింది. మనకి 1997లో అనంతగిరి మండలం గనుల మీద వచ్చిన సమత తీర్పుతో దీన్ని పక్కపక్కన పెట్టి లా చదివే తమ్ముళ్లు తప్పకుండా చదవాలి. తీర్పు ఒక రోజులో వస్తుంది, అమలుకి ఊరు ఊరంతా ఏళ్ల తరబడి తిరగాలి. రెండు చోట్లా అదే పాఠం.

గేమ్ ఆడొద్దని నేను చెప్పను. ఇప్పటికీ బాగుంటుంది, ‘ఎస్’ బిళ్ల దొరికితే ఇప్పటికీ సంతోషమే. అయితే అడవిని ఖాళీగా చూపించడం ఒక్క గేమ్‌లోనే లేదు. ఆనకట్ట మ్యాపుల్లో, గనుల రిపోర్టుల్లో, పులుల ప్రాజెక్టు కాగితాల్లో కూడా చెట్లు, నీళ్లు, కొండ ఉంటాయి, మన ఊరి పేరు ఉండదు. మనలో ఇప్పుడు ఇంజినీరింగ్ చదివేవాళ్లున్నారు, మ్యాపులు గీసేవాళ్లున్నారు, గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు. మీ చేతికి ఏ అడవి బొమ్మ వచ్చినా ముందు అందులో ఊళ్లు పెట్టండి, వాటి పేర్లు మన భాషలో రాయండి. మీ గూడెం పేరు ఏ మ్యాపులో తప్పిపోయిందో కింద రాయండి, ఒకచోట చేర్చుదాం.