ఆటలో అరటిపండు నుంచి ఎన్.పి.సి. దాకా

సెకండరీ టూ చదువుతున్న మా అబ్బాయితో ఒకరోజు పొద్దున్నే లిఫ్టు దిగాను. మా బ్లాకు కింద వాయిడ్ డెక్ ఊడ్చే పెద్దాయన ఎప్పటిలాగే చీపురు ఆపి, "గుడ్ మార్నింగ్ బాస్! స్కూల్ ఆ?" అన్నాడు. నాలుగేళ్ళుగా రోజూ ఇదే మాట. ఆదివారం నాడు కూడా ఇదే మాట! నేను చెయ్యి ఊపాను. నాలుగడుగులు వేశాక మావాడు, "ఆయన ఎన్.పి.సి. నాన్నా" అన్నాడు.

పదహారేళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నవాణ్ణి. ఎన్.పి.సి. అంటే నాకు తెలిసింది ఒక్కటే, నైబర్‌హుడ్ పోలీస్ సెంటర్. 1983 నుంచి పేటపేటకీ ఉన్న చిన్న పోలీసు పోస్టులకు పైన 1997 నుంచి ఈ సెంటర్లు వచ్చాయి. అందుకని నేను నిజంగానే కంగారుపడి, "ఏమిటీ, ఆయన మఫ్టీలో ఉన్న పోలీసా?" అని అడిగాను. మావాడు స్టేషన్ దాకా నవ్వుతూనే ఉన్నాడు. ఎన్.పి.సి. అంటే 'నాన్ ప్లేయర్ క్యారెక్టర్' అట. కంప్యూటర్ ఆటల్లో మనం ఆడించని పాత్ర. ఎప్పుడు పలకరించినా ఒకే రెండు ముక్కలు చెప్పే పాత్ర. సొంతంగా ఆలోచించనివాళ్ళని, గుంపుతో పాటు పోయేవాళ్ళని ఇప్పుడు పిల్లలందరూ అలాగే అంటారట.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి దాని పూర్వాపరాలు వెతికాను. వెతికినకొద్దీ మన భాషలో ఉన్న ఇలాంటి మాటలే గుర్తుకొచ్చాయి. ఆ సంగతులే ఈ వ్యాసం.

ఈ పేరు కంప్యూటర్లలో పుట్టలేదు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాని కర్తలు. కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఒకడు వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ అనుకుంటూ కథ నడిపిస్తారు. ఆటగాళ్ళవి కాని మిగతా పాత్రలన్నీ, అంటే పూటకూళ్ళింటి యజమాని, కోట కాపలావాడు, దారినపోయే ముసలమ్మ, వీళ్ళందరూ రిఫరీ చేతిలో ఉంటారు. వాళ్ళే నాన్ ప్లేయర్ క్యారెక్టర్లు. ఇక్కడొక చిత్రం గమనించాలి. ఆ రోజుల్లో ఎన్.పి.సి.కి బుర్ర లేకపోవడమేమీ లేదు. దాని వెనక రిఫరీ బుర్ర ఉండేది. పూటకూళ్ళమ్మని తిక్క ప్రశ్న అడిగితే తిక్క జవాబే వచ్చేది. బేరమాడితే ఆవిడా ఆడేది. మన ఊళ్ళలో హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే రావణుడూ, సీతా, హనుమంతుడూ అయినట్టు.

కంప్యూటర్ వచ్చాక ఆ బుర్ర పోయింది. నేను వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి కనక దీని గుట్టు తెలుసు. పాత్ర చేత ఎన్ని మాటలు చెప్పించాలన్నా ఎవరో ఒకరు ముందుగా రాసిపెట్టాలి. ఊరిలో రెండు వందలమంది ఉంటే అందరికీ ఎవరు రాస్తారు? తలా రెండు వాక్యాలు రాసి సరిపెడతారు. గోడకు గుద్దుకున్నా నడుస్తూనే ఉండే కాపలావాడు, ఇల్లు తగలబడుతున్నా వాతావరణం గురించే మాట్లాడే వ్యాపారి ఆటగాళ్ళకు నవ్వులాట అయ్యారు.

2016 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో ఎవరో మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళే ఎక్కువమంది ఉన్నారని రాశారు. 2018లో భావం లేని బూడిదరంగు ముఖం బొమ్మ ఒకటి గీసి, అమెరికాలో ఒక రాజకీయ పక్షం మద్దతుదారులు ఎదుటిపక్షం వాళ్ళకు అంటించారు. 'వీళ్ళకి సొంత ఆలోచన లేదు, ఎవరో రాసిచ్చింది అప్పజెబుతారు' అని దాని అర్థం. ఆ ముఖంతో వందలకొద్దీ దొంగ ఖాతాలు పుట్టుకొచ్చాయి. ఆ అక్టోబరులో, అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు, ట్విట్టర్ సంస్థ అలాంటివి సుమారు 1,500 మూసేసింది. తమాషా ఏమిటంటే, 'మీకు సొంత బుర్ర లేదు' అని చెప్పడానికి అంతమందీ ఒకే బొమ్మ పెట్టుకుని, ఒకే మాట అన్నారు! తరవాత రాజకీయం పోయి మాట మిగిలింది. 2021లో 'ఫ్రీ గై' అనే హాలీవుడ్ సినిమాలో నాయకుడే ఎన్.పి.సి. 2023 నాటికి టిక్‌టాక్‌లో ఎన్.పి.సి.లా నటించి డబ్బు గడించేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఈ వేళాకోళానికి ఒక శాస్త్రం ముసుగు కూడా వేశారు. నెవాడా విశ్వవిద్యాలయంలో రసెల్ హర్ల్‌బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970ల నుంచి ఒక పని చేశారు. మనుషుల చేతికి చిన్న బీపర్ ఇచ్చి, అది మోగినప్పుడల్లా ఆ క్షణంలో మనసులో ఏముందో రాయమన్నారు. కొందరి మనసులో మాటలు చాలా తక్కువని తేలింది. బొమ్మలో, అనుభూతులో ఉంటాయి. 'అయితే వాళ్ళు ఆలోచించరన్నమాట' అని కొందరు ఎగిరి గంతేశారు. ఆయన పరిశోధన చెప్పింది అది కాదు. తంబురా శ్రుతి చేసేవాడు ఏ మాటలు అనుకుంటూ చేస్తాడు చెప్పండి!

సరే, మన సంగతికి వద్దాం. ఆటలోంచి మనిషికి పేరు పెట్టడంలో తెలుగువాళ్ళం ఎవరికీ తీసిపోము. చదరంగం మాట 'పావు' చూడండి. పత్రిక తెరిస్తే చాలు, ఫలానా నాయకుడు పావులు కదుపుతున్నాడని, ఫలానావాణ్ణి పావుగా వాడుకున్నారని కనిపిస్తుంది. అయితే పావు అన్నప్పుడు మన కోపం ఎవరిమీద? కదిపిన చెయ్యిమీద. ఆ మాటలో పావుమీద కాస్త జాలి కూడా ఉంటుంది. 'బంటు' సంగతి మరీ విశేషం. పదాతి సైనికుడు, సేవకుడు అని అర్థం. ఇంగ్లీషులో 'పాన్' అంటే మనిషికి తక్కువే. మనకు మాత్రం హనుమంతుడు రామబంటు. త్యాగరాజస్వామి హంసనాదం రాగంలో రాముణ్ణి అడిగింది కూడా బంటు కొలువే.

బంటు విలువ ఈ ఊళ్ళోనే ప్రపంచమంతా చూసింది. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో సెంటోసాలో ప్రపంచ చదరంగం పోటీ జరిగింది. చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబపు కుర్రాడు గుకేశ్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ తలపడ్డారు. మన సభ్యులు ఆ రోజుల్లో ఆఫీసుల్లో ఎంత పని చేశారో నాకు తెలుసు! డిసెంబరు 12న ఆఖరిదైన 14వ ఆట. అది డ్రా అవుతుందని అందరూ అనుకుంటూ ఉండగా, 55వ ఎత్తులో డింగ్ ఏనుగును పొరపాటు గడిలో పెట్టాడు. ఏనుగులు పోయాయి, శకటాలు పోయాయి. బల్లమీద మిగిలింది రాజులూ, కాసిని బంట్లూ. మరి రెండు మూడు ఎత్తుల్లో డింగ్ ఆట వదిలేశాడు. ఒక్క బంటు ఎక్కువ ఉన్నందుకు 18 ఏళ్ళకే గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు.

ఇంకా వెనక్కి వెళితే సభాపర్వం ఉంది. జూదంలో ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ముళ్ళని, తనని, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఒడ్డిన వస్తువుకు నోరుండదు. ఆట నియమం అది. కానీ దుర్యోధనుడు పంపిన ప్రాతికామి వచ్చి సభకు రమ్మంటే ఆవిడ కదల్లేదు. ముందు తనను ఓడి నన్ను ఒడ్డాడా, నన్ను ఓడి తరవాత తనను ఒడ్డాడా, అది అడిగిరమ్మని తిప్పి పంపింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. ఆ సభలో ఆలోచించకుండా కూర్చున్నది ఎవరు, ఆటవస్తువుగా లెక్కపడినది ఎవరు అని చూస్తే, మావాడి మాట తలకిందులవుతుంది.

కానీ ఎన్.పి.సి.కి అచ్చమైన తెలుగు మాట ఇవేవీ కావు. అది 'ఆటలో అరటిపండు'. మీలో తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనేసుకుని ఆటకు వెళ్ళినవాళ్ళకు వివరించక్కర్లేదు. చిన్నవాడు ఆడతానని ఏడుస్తాడు. చేర్చుకుంటే ఆట చెడుతుంది, చేర్చుకోకపోతే అమ్మ తంతుంది. అందుకని వాణ్ణి అరటిపండు చేస్తాం. వాడూ అందరితో పరుగెత్తుతాడు, అరుస్తాడు, దాక్కుంటాడు. ముట్టుకున్నా ఔటు కాడు, దొంగ పెట్టడు. తను అరటిపండునని వాడికి తెలియదు. తెలిసిననాడు ఒక ఏడుపు ఏడ్చి, మరుసటేడు నిజం ఆటగాడవుతాడు. పెద్దయ్యాక ఈ మాటనే ఆఫీసులో లెక్కలోకి రానివాడికి వాడి దాని రుచి చెడగొట్టాం గానీ, పుట్టుకలో అది చోటివ్వడానికి పెట్టిన పేరు.

మళ్ళీ ఆ ఊడ్చే పెద్దాయన దగ్గరికి వస్తాను. ఒక శనివారం కాఫీ రెండు కప్పులు పట్టుకుని కిందికి వెళ్ళాను. ఆయనది బంగ్లాదేశ్, బరిశాల్ దగ్గర పల్లెటూరు. నా విరిగిన హిందీ, ఆయన సినిమా హిందీ కలిశాయి. రోజూ అదే మాట ఎందుకంటారని అడిగాను, కొంచెం భయపడుతూనే. ఆయనకు ఇంగ్లీషులో బాగా పలకగలనని నమ్మకమున్నవి ఆ రెండు వాక్యాలేనట. తప్పు మాట్లాడితే జనం మొహం అదోలా పెడతారట. నాకు నా మొదటి ఏడాది గుర్తుకొచ్చింది. మీటింగుల్లో ఈ ఊరి ఇంగ్లీషు అందక, అడిగిన ప్రతిదానికీ 'ఓకే, కెన్' అనే రెండు మాటలతో ఆర్నెల్లు లాగించాను. అప్పటి నా సహోద్యోగులు నన్నేమనుకున్నారో!

ఆటల మాట వస్తే ఆయన ముఖం వెలిగింది. చిన్నప్పుడు హాడుడు, అంటే మన చెడుగుడే, ఊరికంతటికీ తనే గొప్ప కూతగాడట. మా అరటిపండు గురించి చెప్పగానే, "దుధ్‌భాత్!" అని తొడమీద కొట్టుకున్నాడు. బెంగాలీలో ఆ పసివాడి పేరు పాలన్నం. ముంబైలో పెరిగిన మా ఆవిడ పైకి వచ్చాక చెప్పింది, అక్కడ వాణ్ణి 'కచ్చా లింబూ', అంటే పచ్చి నిమ్మకాయ అంటారని. తమిళ మిత్రులు 'ఒప్పుక్కు చప్పాణి' అంటారు. వాళ్ళొక్కళ్ళే తినే వస్తువు పెట్టలేదు. ఎందుకో వాళ్ళనే అడగాలి.

ఇదంతా మావాడికి చెప్పాను. విన్నాడో లేదో తెలియదనుకున్నాను. డిసెంబరు సెలవుల్లో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వాయిడ్ డెక్‌లో పిల్లలందరికీ నేలా-బండా నేర్పింది. రాతి బల్లలు బండ, మిగతాదంతా నేల. పక్కింటి చైనీసువాళ్ళ నాలుగేళ్ళవాడు నేనూ అని వచ్చాడు. మావాడు చేతులు చాచి ఆట ఆపి, గట్టిగా ప్రకటించాడు: "లిసన్! హీ ఈజ్ ద బనానా, ఓకే?"

బెంచీమీద కూర్చున్న ఆ పిల్లవాడి తల్లి చటుక్కున తలెత్తింది. ఈ ఊళ్ళో చైనీసువాణ్ణి అరటిపండు అంటే పైన పసుపు, లోపల తెలుపు, సొంత భాష మరిచిన దొరబాబు అని ఎత్తిపొడుపు. నేను పరుగున వెళ్ళి, అమ్మనీ, తమ్ముళ్ళనీ, దాగుడుమూతలనీ అన్నీ కలిపి పది నిమిషాలు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఆవిడ చివరికి పడీపడీ నవ్వింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి మా తలుపు చప్పుడైంది. తీస్తే, ఆ బుడతడు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అంకుల్, టుడే ఐ బనానా?" అని అడిగాడు.