ముందు ఇరుసు కథ

ఇరుసును గూర్చి రేడియో ప్రసంగమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. రాజులకును యుద్ధములకును ఉన్నంత చరిత్ర ఒక ఇనుపకడ్డీకి ఉండునా యని వారి సందేహము. ఉండును. ధాన్యము సంతకు చేరినదియు, సేనలు కదలినదియు దాని మీదనే గదా! దశరథుని రథమున ఇరుసు చీల ఊడిపోగా కైకేయి తన వ్రేలిని అడ్డుపెట్టి రథమును నిలిపెనని హరికథలలో వినుచుందుము. వాల్మీకి రామాయణమున ఈ చీల మాట లేదు. ఆమె మూర్ఛిల్లిన భర్తను రణరంగమునుండి తప్పించి కాపాడెనని మాత్రమే కలదు. అయినను జనులు ఆ వ్రేలి కథను విడువలేదు. బండి తోలిన జనులు గనుక, చీల ఊడినచో ఏమగునో వారికి తెలియును.

మన ఎడ్లబండి ఇరుసు తిరుగదు. అది కదలక నిలిచియుండును. చక్రము దాని చుట్టు తిరుగును. లాగుట ఎద్దుల పని, చక్రము వెంటబోవునంతే. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపిన కందెనను ఇరుసు కొనకు రాచి, చక్రమును తొడిగి, వెలుపల కడచీల దిగగొట్టినచో పని ముగిసెను. ఇరుసు వంగిన నాడు వడ్రంగియు కమ్మరియు ఇంటి ముంగిటికే వచ్చి, బండి క్రింద దుంగ నిలిపి, పూట గడువకమునుపే క్రొత్తదానిని ఎక్కించెడివారు. దానికొరకు బండిని పట్టణమునకు కొనిపోవుట ఎవరును ఎరుగరు.

మోటారు వచ్చిన పిదప ఇరుసు ధర్మమే మారిపోయెను. అక్కడ ఎద్దులు లేవు. ఇరుసే తిరిగి చక్రమును త్రిప్పవలెను. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవును. రెంటిని ఒకే కడ్డీకి బిగించినచో ఏదో ఒకటి ఈడ్వబడక తప్పదు. పెక్యూరు అను ఫ్రెంచి దేశస్థుడు 1827-28 ప్రాంతమున, ఇంకను ఆవిరిబండ్ల దినములలోనే, ఈ చిక్కును తీర్చెను. రెండు చక్రములకు రెండు కడ్డీలు పెట్టి, వాని నడుమ పండ్లచక్రముల పెట్టె ఒకటి అమర్చెను. దానినే నేడు డిఫరెన్షియల్ అందురు. అయితే ఈ పెట్టెకొక దుర్గుణము కలదు. ఒక చక్రము బురదలో దిగబడినచో అదియే గిరగిర తిరిగి గోయి త్రవ్వుకొనును. గట్టి నేలపై నున్న రెండవ చక్రము కదలక నిలుచును. వానకాలమున రేగడిలో మోటారును చూచినవారికి ఇది క్రొత్త కాదు.

మరి ముందు చక్రములకును శక్తి నిచ్చినచో? ఆలోచన తేలిక, ఆచరణ కష్టము. ముందు చక్రము కుడి యెడమలకు మరలవలెను, మరలుచునే తిరుగవలెను. నిటారు కడ్డీతో ఇది సాధ్యము కాదు, మోకాలివలె వంగు కీలు కావలెను. అట్టి కీలునకు 16వ శతాబ్దిలోని ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దిలోని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హుక్ పేరును పెట్టియున్నారు. మన మెకానిక్కులు దానిని క్రాసు అందురు. ఈ క్రాసు వంగి తిరుగునప్పుడు ఒక్కొక్క చుట్టునందు రెండుమారులు వేగము హెచ్చును, రెండుమారులు తగ్గును. వంపు ఎక్కువైన కొలది ఈ కుదుపు ఎక్కువగును. కడ్డీని విరుచునదియు, చేతిలోని చక్రమును వణికించునదియు ఇదియే.

ఇంగ్లండులో డిప్లాక్ అను నాతడు 1893లో ఆవిరియంత్రమునకు నాలుగు చక్రముల నడకను యోచించెను. 1903లో హాలెండు దేశపు స్పైకర్ సంస్థవారు పెట్రోలుతో నడచు అట్టి కారును చేసిరి. నాకు వీరికంటె అమెరికాలో క్లింటన్‌విల్ అను చిన్న ఊరివారు ప్రియులు. జాకౌ, బెసర్‌డిక్ అను నిరువురు అచ్చట ఒక యంత్రాల మరమ్మతు కొట్టు నడుపుచుండిరి. ముందు చక్రము మరలుచునే శక్తి నందుకొను కీలును గోళాకారపు గూటిలో ఇమిడ్చి, 1908లో దానికి పేటెంటు పొందిరి. మన కమ్మరి కొలిమివంటి చోటనే ఆ పని జరిగెనని తలచుకొనిన నాకు ముచ్చట యగును. మొదటి ప్రపంచయుద్ధమున వారి సంస్థ లారీలు వేలకొలది యుద్ధభూములకు పోయినవి. 1920ల దశకమున ఫ్రాన్సులో గ్రెగ్వార్ అను నాతడును, అమెరికాలో ర్జెప్పా అను నాతడును వేగము మారని కీళ్లను కనుగొనిరి. ర్జెప్పా కీలులో ఆరు ఉక్కుగుండ్లు గాడులలో దొర్లుచు, ఎంత వంగినను సమముగా త్రిప్పును.

పిమ్మట జీపు వచ్చెను. 1940 జూలైలో అమెరికా సేనవారు 135 సంస్థలకు వ్రాసి తేలికబండిని కోరగా, బాంటమ్ అను చిన్న సంస్థ 49 దినములలో మొదటి బండిని చేసి సెప్టెంబరు 23వ తేదీన అప్పగించెను. ఆ పిదప విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా చేసినవి. ముందు చక్రముల కీళ్లు అంత సంఖ్యలో ఒకే సంస్థ చేయజాలక, ఒకే జీపు జాతిలో నాలుగు రకముల కీళ్లు అమర్చిరి.

ఇక మన నేలకు వత్తము. తెల్లాపూర్ ప్రక్కగా పోవు వాడి రైలుమార్గము 1874లో వేయబడినది. నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. మా ఊరికి ఉత్తరముగా కొలది దూరమున షోలాపూరు రోడ్డు కలదు. 1948 సెప్టెంబరులో జనరల్ చౌధురి సేన జహీరాబాదు మీదుగా ఆ రోడ్డు వెంటనే హైదరాబాదునకు వచ్చెను. టాంకుల నడుమ జీపులును వచ్చినవి. 1945లో లూధియానాలో పుట్టి, దేశవిభజనానంతరము 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అని పేరు మార్చుకొనిన సంస్థ, ఆ దశకము చివరనే బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చసాగెను. 1952లో సమాజవికాస పథకమును, 1959లో పంచాయతీ సమితులును వచ్చిన పిదప పల్లెవాడకు జీపనగా బ్లాకు అధికారియే. జీపు దుమ్ము చెరువుకట్టపై లేచినచో ఊరంతయు రచ్చబండకు చేరెడిది. ఆ జీపులే ముదిమి వచ్చి వేలమునకు వచ్చినప్పుడు రైతులు కొనిరి.

అట్టి వంశపు జీపొకటి నా వద్దను కలదు. పూర్వపు యజమాని తారురోడ్డుపై కూడ నాలుగు చక్రములు కలిపి తోలుచుండెను. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవును. బురదలోనైన చక్రము జారి ఆ భేదము సరిపోవును, గట్టి రోడ్డుపై ఆ మెలి యంతయు కడ్డీలపై పడును. అందుచే ఎడమవైపు కడ్డీ క్రాసు వద్ద విరిగినది. పట్టణములో ఒక మరమ్మతు శాలవారు ముందు ఇరుసు మొత్తము మార్చవలెననిరి. నేను విరిగిన కడ్డీని మాత్రమే మార్చ నిశ్చయించి, మా దొడ్డిలోనే పని పూనితిని.

ఈ పనిలో మొదటి మాట ప్రాణమును గూర్చినది. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. వెనుక చక్రములకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టి, చక్రపు నట్లు నేలపై నుండగనే వదులుచేసి, పిదప ఎత్తి, ఇరుసు గొట్టము క్రింద ఇనుప ఆధారమునో అడ్డముగా పేర్చిన గట్టి మొద్దులనో నిలుపవలెను. ఇటుకలు పనికిరావు, అవి చెప్పకుండ పగులును. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాస్ ఉండును గనుక ఆ ధూళిని నోటితో ఊదరాదు, తడిబట్టతో తుడువవలెను.

చక్రము తీసి, హబ్బుపై మూతను, దాని వెనుక ఆరు బోల్టుల బిళ్లను విప్పితిని. లోపల రెండు పెద్ద నట్లు, వాని నడుమ మడత రేకు. అవి వచ్చిన పిదప హబ్బును డ్రమ్మును బేరింగులతో సహా వచ్చును. బ్రేకు పలకను విప్పి, గొట్టము లాగబడకుండ పైకి తీగతో కట్టితిని. ఇక మిగిలిన కుదురును తీయగా, కడ్డీ సగము చేతికి వచ్చెను. లోపలి ముక్కను మెల్లగా వెలికి రాబట్టితిని. జీపునందు డిఫరెన్షియల్ నట్టనడుమ ఉండదు, ఒక ప్రక్కకు ఒరిగియుండును. కావున కుడి యెడమ కడ్డీల పొడవులు వేరు. అంగడిలో ఈ మాట చెప్పి కొనవలెను.

క్రొత్త కడ్డీని లోనికి పోనిచ్చునప్పుడు గొట్టములోని నూనె సీలును రాయరాదు. నిటారుగా పట్టి, చివరి పండ్లు పెట్టెలోని పండ్లతో కలియువరకు కొంచెము త్రిప్పుచు నెట్టవలెను. కలిసినప్పుడు చేతికే తెలియును. బేరింగులకు క్రొత్త గ్రీజు దట్టించి, లోపలి నట్టును చక్రము పట్టువరకు బిగించి, ఆరవ వంతు చుట్టు వెనుకకు వదలి, రేకు మడిచి, పైనట్టు బిగించితిని. చక్రము చేతితో తేలికగా తిరిగెను, ఊగలేదు. కందెన మారినది గాని కడచీల న్యాయము మాత్రము అదియే.

తెల్లాపూర్ 2018లో పురపాలక సంఘమైనది. వరిమళ్లలో నేడు ఆకాశహర్మ్యములు లేచినవి. వాని నేలమాళిగలలో నాలుగు చక్రముల నడక గల వాహనములు వరుసలు తీరియున్నవి. వానిలో బురద నెరిగినవి ఎన్నియో లెక్కింప నాకు ధైర్యము చాలదు. జాకీ వేయుటకు అచ్చట చోటును లేదు, అనుమతియు లేదు. పనికి కావలసిన పనిముట్లకంటె, పని చేసికొనుటకు నాలుగు గజముల మట్టినేల ఇప్పుడు మా ఊర అరుదు.

విరిగిన కడ్డీని పారవేయలేదు. ఇరుసు ఉక్కు మేలైనది. శంకరపల్లి దారిలో ఇంకను కొలిమి నడుపు కమ్మరి యొకడు దానిని కాచి, సాగగొట్టి, గడ్డపాఱ చేసి యిచ్చెను. ఈ వర్షాకాలమున మామిడి గోతులు దానితోనే త్రవ్వించితిని.