నంద్యాల మధ్యాహ్నము – కంప్యూటరు గడియారము

నంద్యాలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి చేతి గడియారం సగటున 12 గంటల 16 నిమిషాలు చూపుతుంది. దానికి దక్షిణాన ఉన్న ఆళ్లగడ్డలోనూ అంతే. ఇది గడియారపు దోషం కాదు. ఈ రెండు ఊళ్లూ ఇంచుమించు 78½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నవి. భారత ప్రామాణిక కాలం కాకినాడకు కొంచెం తూర్పుగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి ఏర్పడినది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కనుక 4 డిగ్రీలకు తేడా 16 నిమిషాలు.

పూర్వం ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. రైళ్లు వచ్చిన తరువాత అది సాగలేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో రైళ్లు మద్రాసు వేధశాల కాలాన్ని అనుసరించాయి. అది గ్రీనిచ్ కంటె సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుండి 5½ గంటల ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినది. అయినా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ స్థానిక కాలాలను విడువలేదు. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. 1943లో ఆళ్లగడ్డలో రాత్రి 12½ గంటలకు పుట్టిన శిశువు, మామూలు లెక్కన, ముందు రోజు రాత్రి 11½ గంటలకే పుట్టినట్లు!

ఈ చిక్కే నేడు కంప్యూటరుకు సంక్రమించినది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలు సెకండ్లు లెక్కిస్తాయి. ఆ సంఖ్య లోకమంతటా ఒక్కటే. దానిని స్థానిక కాలంగా మార్చాలంటే మనిషి ఎక్కడ ఉన్నాడో తెలియాలి. తెలియక గ్రీనిచ్ కాలాన్నే చూపితే, పరీక్ష దరఖాస్తు గడువును విద్యార్థి 5½ గంటలు పొరబడతాడు.

"5½ గంటలు" అని వ్రాసుకుంటే చాలదా? చాలదు. శ్రీలంక నేడు అదే తేడా పాటిస్తున్నది. కాని 1996లో మార్చుకొని, 2006లో తిరిగి దీనికి వచ్చినది. అందుచేత అంకె కాక ప్రదేశపు పేరే గుర్తుగా ఉండాలి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ఆరంభించిన కాలమండల పట్టికలో మన గుర్తు "ఏషియా/కోల్‌కతా". పైన చెప్పిన యుద్ధకాలపు గంట కూడా అందులో నమోదై ఉన్నది. విండోస్ యంత్రాలు దీనినే "ఇండియా స్టాండర్డ్ టైమ్" అంటాయి. కనుక అన్ని యంత్రాల మీద నడవవలసిన సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండు పేర్లనూ కలిపే మరొక పట్టిక కావాలి.

విద్యార్థులు బడి ఆవరణలో ఒక కర్రను నిలువుగా పాతి, దాని నీడ అతి పొట్టిగా ఉండే వేళను గుర్తించవచ్చు. నంద్యాలలో అది నవంబరు మొదట సుమారు 12 గంటలకు, ఫిబ్రవరి నడుమ సుమారు 12½ గంటలకు వస్తుంది. కర్ర చెప్పేది సూర్యుని కాలం. గడియారం చెప్పేది మనుష్యుల ఒప్పందం. కంప్యూటరుకు నేర్పవలసినది ఆ ఒప్పందపు చరిత్రనే.