వేపచెట్టు కింద కొలువు

1884లో నిజాం రాజ్యంలో ఫార్సీ పోయి ఉర్దూ అధికార భాషయింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ వస్తే నౌకరీ వస్తుందనుకున్న రోజులవి. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్‌తో ఆ లెక్క తప్పింది. ఎందరివో కొలువులు పోయాయి. షరీఫుల ఇళ్ల పిల్లలు రిక్షాలెక్కారు, తొక్కడానికి.

కొలువు పోయిన మా దాదా మళ్లీ దరఖాస్తు పెట్టుకోలేదు. తహసీలు కచేరీ ముందు వేపచెట్టు కింద చాప పరిచాడు. భూముల పాత కాయితాలు ఉర్దూలో ఉన్నాయి. మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికార్లకు అవి చదవరావు. రైతులకు అసలే రావు. దాదా సేత్వార్లు, దస్తావేజులు చదివి, అర్థం చెప్పేవాడు. తెలుగు మాట్లాడటమొచ్చు గానీ రాయరాదు. నలభై దాటాక ఒక బడిపంతులు దగ్గర అక్షరాలు దిద్ది అర్జీలు కూడా రాశాడు. కాయితానికి రెండణాలు. లేనోళ్లు జొన్నలిచ్చేవాళ్లు. మున్షీ సాబ్ నేల మీద కూచున్నాడని దాదీ ఏడ్చేదట.

'సాయబువి, నీకింత తెలుగెట్లొచ్చింది?' అని నన్నిప్పటికీ అడుగుతారు. మా ఇంట్లో తెలుగు రాత ఆ చాప మీద మొదలైంది. అడిగేవాళ్లలో కొందరి తాతల పట్టాలు ఆ చాప మీదే చదివించుకున్నవి.