తండ్రి దీవెన, అన్నదమ్ముల పోటీ (బైబిలు సంప్రదాయం)

బైబిలు కథల్లో తండ్రి దీవెన ఉత్త శుభాకాంక్ష కాదు. అవసాన దశలో తండ్రి కొడుకుకు ఇచ్చే మాట అది, వీలునామా అంత బరువైనది. ఒకసారి పలికాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆదికాండంలో అన్నదమ్ముల తగాదాలు ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇస్సాకు కవల కొడుకుల్లో ఏశావు ముందు పుట్టాడు. యాకోబు అన్న మడమ పట్టుకుని వెనకే వచ్చాడు. పెద్దయ్యాక, ఆకలితో సొమ్మసిల్లి ఇంటికొచ్చిన ఏశావు చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నాడు. చూపు మందగించిన ఇస్సాకు, వేటమాంసం వండి తెస్తే దీవిస్తానని పెద్దకొడుకుతో అన్నాడు. ఆ మాట తల్లి రిబ్కా చెవిన పడింది. ఆమె చిన్నవాడికి అన్న బట్టలు తొడిగి, చేతులకూ మెడకూ మేకపిల్లల తోళ్లు కప్పి పంపింది. గొంతు ఒకరిదిగా, చేతులు మరొకరివిగా తోచి ముసలాయన తటపటాయించాడు. చివరికి బట్టల వాసన చూసి దీవించేశాడు. ఏశావు వచ్చి బావురుమన్నా దీవెన మారలేదు. మోసంతో పొందినదైనా అది చెల్లింది.

అయితే ఆ మోసపు ఫలితం నుంచి యాకోబు తప్పించుకున్నాడని చెప్పలేం. చిన్న కూతురు రాహేలును అడిగితే మేనమామ లాబాను పెద్దమ్మాయి లేయాను కట్టబెట్టాడు. పెద్దదాని కంటే ముందు చిన్నదాన్ని ఇవ్వడం మా దగ్గర లేదని సర్దిచెప్పాడు. అది మన ఇళ్లలోనూ వినే మాటే. ముసలితనంలో యాకోబును సొంత కొడుకులే మోసగించారు. తమ్ముడు యోసేపు చనిపోయాడని నమ్మించడానికి అతని అంగీని మేక రక్తంలో ముంచి చూపించారు. అయినా ఆయన తీరు మారలేదు. మనుమలను దీవించేటప్పుడు చేతులు అడ్డంగా మార్చి, కుడిచేయి చిన్నవాడు ఎఫ్రాయిము తలమీదే పెట్టాడు. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం మాత్రం, తల్లి మీద తండ్రికి ప్రేమ లేకపోయినా పెద్దకొడుకుకు రెండు వంతులు ఇచ్చి తీరాలంటుంది.

ఉత్తరాంధ్రలో ఈ కథలు తెలుగు బైబిలుతో వ్యాపించాయి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదం సాగించారు. తర్వాత కెనడా బాప్టిస్టు మిషన్ బొబ్బిలిలో కేంద్రం పెట్టింది. జార్జి, మటిల్డా చర్చిల్ దంపతులు ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు.

ఈ అన్నదమ్ముల కథలకు ఉత్తరాంధ్రలోనే పోలిక వెతికితే విజయనగరం సంస్థానం గుర్తొస్తుంది. 1757లో విజయనగరానికీ బొబ్బిలికీ జరిగిన బొబ్బిలి యుద్ధం తర్వాత, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెద విజయరామరాజును చంపాడు. ఆయన తర్వాత వచ్చిన ఆనందరాజు కూడా త్వరలోనే పోయాడు. దీవించే తండ్రి లేని ఆ ఇంట పెద విజయరామరాజు భార్య మాటే చెల్లింది. ఆమె దత్తత తీసుకున్న పిల్లవాడు విజయరామరాజు పేరుతో గద్దెనెక్కాడు. అతని సవతి అన్న సీతారామరాజుకు పట్టం దక్కలేదు గాని, పెత్తనమంతా ఏళ్ల తరబడి అతని చేతిలోనే ఉంది. తమ్ముడికి అది ముల్లులా గుచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఈ తగవును తనకు అనుకూలంగా వాడుకుని, చివరికి సీతారామరాజును మద్రాసుకు పంపించేసింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనల చేతిలో తమ్ముడు చనిపోయాడు. ఆ తర్వాతే బొబ్బిలి జమీ, 1757లో పసివాడుగా బతికి బయటపడ్డ బొబ్బిలి వారసుడు చిన రంగారావుకు తిరిగి దక్కింది.